కిటికీ పక్కనే కూర్చుని "దట్ ఈజ్ ఎ విండో" అన్నదాన్ని

మా బళ్ళో ఇంగ్లీషు మొదలుపెట్టిన రోజు మేష్టారు ఓ చేత్తో డస్టర్ పైకెత్తి "దిస్ ఈజ్ ఎ డస్టర్" అన్నారు, రెండో చెయ్యి బారెడు చాచి కిటికీ వైపు చూపిస్తూ "దట్ ఈజ్ ఎ విండో" అన్నారు. మేమంతా ఎక్కాలు చదివినట్టు రాగం తీసి అప్పజెప్పాం. తిరకాసేమిటంటే నేను కూర్చునేది సరిగ్గా ఆ కిటికీ పక్కన. మోచెయ్యి గట్టు మీద ఆనించుకుని, చువ్వల తుప్పు వేలికి అంటుకుంటుంటే, "దట్ ఈజ్ ఎ విండో" అని అందరికంటే గట్టిగా అరిచాను. ఆ వెంటనే బోర్డు మీద రాశారు కూడా: దగ్గరుంటే దిస్, దూరముంటే దట్. నా మోచేతి కింద ఉన్న కిటికీని నేను దట్ అనడమేమిటన్న అనుమానం అప్పుడు రాలేదు. వచ్చినా అడిగేదాన్ని కాదనుకోండి.

ఆ అనుమానం ఇన్నేళ్ళకి మా అక్క కూతురికి వచ్చింది. మూడో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం వర్క్‌బుక్ పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది. పేజీలో ఓ కుర్రాడు గాలిపటం ఎగరేస్తున్నాడు. దారం చుట్ట వాడి చేతిలో ఉంది, గాలిపటం మబ్బుల్లో ఉంది. కింద ఓ ఖాళీ గీత, పక్కన "ఈజ్ మై కైట్". "పిన్నీ, దారం వీడి చేతిలోనే ఉంది కదా, మరి గాలిపటం దగ్గరున్నట్టా, దూరమున్నట్టా?" అంది. ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామని నోరు తెరిచాను గానీ మాట రాలేదు. ఆ ప్రశ్న పుణ్యమే ఈ పోస్టు.

వీటిని ఇంగ్లీషు గ్రామర్‌లో డిమాన్‌స్ట్రేటివ్ ప్రొనౌన్లు అంటారు, మన పుస్తకాల్లో నిర్దేశక సర్వనామాలు. ఉన్నవి నాలుగే నాలుగు: దిస్, దట్, దీజ్, దోజ్. "దిస్ బుక్" అన్నప్పుడు పక్కన నామవాచకం ఉంది కాబట్టి అది విశేషణం కింద లెక్క, "దిస్ ఈజ్ మైన్" అన్నప్పుడు ఒంటరిగా నిలబడింది కాబట్టి సర్వనామం. ఈ తేడా చెప్పడానికి గ్రామర్ పుస్తకాలు పేజీలు ఖర్చుపెడతాయి. తెలుగువాళ్ళకి దాని అవసరమే లేదు, ఎందుకంటే మనకి రెండింటికీ మాటలే వేరు. ఒకటి "ఈ", ఇంకోటి "ఇది". "ఈ పుస్తకం నాది" అంటాం, "ఇది నాది" అంటాం, "ఇది పుస్తకం నాకివ్వు" అని చంటిపిల్ల కూడా అనదు. అమ్మ ఒళ్ళోనే నేర్చుకున్న తేడాని బడికెళ్ళి ఇంగ్లీషు పేర్లతో మళ్ళీ బట్టీపట్టాం, అంతే.

అసలు ఈ విషయంలో మన ఆస్తి ఎంతో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. ఇది, అది, ఏది. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. ఇన్ని, అన్ని, ఎన్ని. ఇలా, అలా, ఎలా. ఇటు, అటు, ఎటు. మొదటి అక్షరం ఒక్కటి మారిస్తే దగ్గర, దూరం, ప్రశ్న, మూడూ వచ్చేస్తాయి. ఆ, ఈ, ఏ లని త్రికాలంటారని పదో తరగతిలో త్రికసంధి కోసం అందరం చదివాం, అక్కన్య, ఇక్కాలము అని ఉదాహరణలు రాసి మార్కులు తెచ్చుకున్నాం, మళ్ళీ దాని మొహం చూడలేదు. సీమవాళ్ళు ఈడ, ఆడ, యాడ అన్నా, తెలంగాణవాళ్ళు గిట్ల, గట్ల అని ముందో "గ" చేర్చినా, లోపల ఉన్నవి ఆ ఇ, అ లే. ఇంగ్లీషుకీ ఇలాంటి వరస ఒకటుంది, హియర్, దేర్, వేర్ అని. కానీ అది మధ్యలో తెగిపోయిన దండ. "ఇప్పుడు" దగ్గరికొచ్చేసరికి నౌ అని ఎక్కడిదో వేరే పూస.

ఇంత ఆస్తి ఉన్నవాళ్ళం ఆ నాలుగు మాటల దగ్గర ఎందుకు తడబడతాం? నా లెక్కలో దూరం, దగ్గర అసలు సమస్యే కాదు. మనం పడేది వేరేచోట.

మొదటిది మనుషుల దగ్గర. "దిస్ ఈజ్ మై ఫాదర్" అన్న వాక్యం పాఠంలో మొదటిసారి వచ్చినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది. ఇది మా నాన్న! ఇంట్లో అలా అంటే వీపు విమానం మోతే. ఈయన మా నాన్నగారు, ఇతను మా తమ్ముడు, వీడు మా బుడ్డోడు, ఇది మా చెల్లి, ఈవిడ మా అత్తగారు. మనకి వేలు చూపించే ప్రతి మాటలోనూ మర్యాద ఎంతో, చనువు ఎంతో, ఆడో మగో, అన్నీ కలిసిపోయి ఉంటాయి. "ఇది మా చెల్లి" అంటే ముద్దు, "ఇది మా అత్తగారు" అంటే పోలీస్ కేసు. ఇంగ్లీషు దిస్‌కి ఇవేవీ లేవు. కలెక్టరుకీ దిస్సే, కుక్కపిల్లకీ దిస్సే.

కానీ దానికో షరతుంది, అది మాకు ఎవరూ చెప్పలేదు. మనిషిని ఒంటరి దిస్‌తో చూపించడం పరిచయం చేసేటప్పుడు, గుర్తుపట్టేటప్పుడు మాత్రమే. "దిస్ ఈజ్ మై సిస్టర్" అన్నాక రెండో వాక్యంలో షీ రావాల్సిందే. "దిస్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" అంటే చెల్లెలు కాస్తా ఏటీఎమ్ మిషన్ అయిపోతుంది. మన దగ్గర "ఇది మా చెల్లి, ఇది బ్యాంకులో చేస్తుంది" అని హాయిగా సాగిపోతుంది కాబట్టి ఆ పొరపాటు వచ్చేస్తుంది. బహువచనంలోనూ అంతే, "దీజ్ ఆర్ మై పేరెంట్స్" వరకు బాగానే ఉంటుంది, తర్వాత దే లోకి మారాలి. తలుపు చప్పుడైతే "హూ ఈజ్ దట్" అనొచ్చు. ఫోన్లో అమెరికావాళ్ళు అవతలివాళ్ళని "హూ ఈజ్ దిస్" అని, బ్రిటిష్‌వాళ్ళు "హూ ఈజ్ దట్" అని అడుగుతారు. ఒకటే ఫోను, ఒకటే అవతలి మనిషి, ఒకరికి దగ్గర, ఇంకొకరికి దూరం! మనం మాత్రం "ఎవరండీ మాట్లాడేది" అని ఆ గొడవలోకే పోం.

ఇంగ్లీషులో మర్యాద రూపాలు లేవు కాబట్టి చులకన కూడా లేదనుకుంటే పొరపాటు. అది సందు చూసుకుని వస్తుంది. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు, అక్టోబర్ 7న నాష్‌విల్‌లో జరిగిన డిబేట్‌లో, ఓ బిల్లు గురించి మాట్లాడుతూ ఒక అభ్యర్థి జాన్ మెకెయిన్ పక్కనున్న ప్రత్యర్థి ఒబామా వైపు చెయ్యి చూపించి, దానికి ఓటేసింది ఎవరో తెలుసా అని అడిగి, "దట్ వన్" అన్నాడు. పేరు పెట్టలేదు, సెనేటర్ అనలేదు, హిమ్ అని కూడా అనలేదు. ఇద్దరి మధ్యా కొన్ని అడుగుల దూరం. రెండు చిన్న మాటలకే దేశమంతా గోలగోల అయింది, ఒబామా మనుషులు ఆ మాట అచ్చేయించిన టీషర్టులు వేసుకు తిరిగారు. కొద్దిరోజుల తర్వాత న్యూయార్క్‌లో ఓ విందులో ఒబామా, బరాక్ అంటే స్వాహిలీలో "దట్ వన్" అని అర్థమని జోకేశాడు. ఈ సంగతి ఎవరికైనా తెలుగులో చెప్పాల్సొస్తే "దట్ వన్"ని ఎలా చెప్పాలి? "అదిగో, ఆ శాల్తీ" అంటే కొంచెం దగ్గరికొస్తుందేమో. "వాడు" అంటే ఎక్కువైపోతుంది, "ఆయన" అంటే విషం మొత్తం పోతుంది.

రెండో గొయ్యి సంఖ్య. ఇదే అసలు గొయ్యి. మన "ఈ" కదలని గుంజ లాంటిది, ఒక పుస్తకమైనా ఈ పుస్తకమే, వంద పుస్తకాలైనా ఈ పుస్తకాలే. ఇంగ్లీషులో వెనకాల ఉన్నది ఒకటా రెండా చూసి ముందున్న మాట మారాలి. అందుకే "దిస్ బుక్స్", "దిస్ క్వశ్చన్స్" అనే మాటలు డిగ్రీలు చేసినవాళ్ళ నోట కూడా దొర్లుతుంటాయి. అదేమీ తెలివితక్కువతనం కాదు, తెలుగు అలవాటు.

దీనికంటే తమాషా అయింది, దేన్ని ఒకటనాలి, దేన్ని చాలా అనాలి అన్న దగ్గర రెండు భాషలకీ కుదరకపోవడం. ఆ ఆదివారమే మా అక్క కూతురికి వంటింట్లో చూపించాను. పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. చూశారా, "విరిగిపోయాయి" అన్నాను. మనకి పాలు బహువచనం. "ఇవి పనికిరావు, పారబొయ్యి" అంటాం. అది ఠక్కున "దీజ్ మిల్క్" అంది. దాని తప్పేం లేదు. పాలు, నీళ్ళు, డబ్బులు, బియ్యం, అన్నీ మనకి "ఇవి"నే. బియ్యం అయిపోయాయి, నీళ్ళు వచ్చాయి అంటాం కదా. ఇంగ్లీషువాడికి ఇవన్నీ లెక్కపెట్టడానికి వీల్లేని ముద్ద, కాబట్టి ఏకవచనం: దిస్ మిల్క్, దిస్ వాటర్, దిస్ మనీ, దిస్ రైస్. సామాన్లు మనకి బోలెడు, వాళ్ళకి "దిస్ ఫర్నిచర్", "దిస్ లగేజ్". వివరాలు మనకి చాలా, వాళ్ళకి "దిస్ ఇన్ఫర్మేషన్". వార్తలు ఎన్ని చెప్పినా "దిస్ న్యూస్".

సరే అని డ్రాయర్ లాగి కత్తెర తీశాను. "ఇదేంటి?" "కత్తెర." "ఒకటా, రెండా?" "ఒకటే." ఇంగ్లీషులో మాత్రం "దీజ్ సిజర్స్" అనాలన్నాను. ఎందుకంది. రెండు బ్లేడ్లు ఉన్నాయి కాబట్టన్నాను. కత్తెర అటూ ఇటూ తిప్పి చూసి, "మరి ప్యాంటుకీ రెండు కాళ్ళున్నాయిగా" అంది. అవును, అదీ "దీజ్ ప్యాంట్సే". పటకారు కూడా "దీజ్ టాంగ్స్". నా కళ్ళజోడు లాక్కుని "ఇవి?" అంది. "దీజ్ గ్లాసెస్". మన భాషలో దాని పేరులోనే జోడు ఉంది, అయినా "కళ్ళజోడు పోయింది" అంటాం గానీ పోయాయి అనం. ఆ పూటంతా ఇంట్లో వస్తువులన్నీ తిరగేసింది. చెప్పులు దగ్గర మాత్రం రెండు భాషలూ రాజీపడ్డాయి.

వినడంలోనూ ఓ చిక్కుంది. దిస్‌లో ఇ పొట్టిది, చివర స్. దీజ్‌లో ఈ పొడుగు, చివర జ్ లాంటి గరగర చప్పుడు, అసలు మన అక్షరాల్లో లేనిది. మనం రెండింటికీ చివర స్ పెట్టేసి, ఇ ని మధ్యస్తంగా లాగి వదిలేస్తాం. అవతలివాడు వెనకొచ్చే నామవాచకాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు, అది కూడా తప్పుగా ఉంటే ఇక దేవుడే దిక్కు. దట్‌దీ అంతే. వేలు చూపించే దట్‌ని "ద్యాట్" అని నొక్కి పలుకుతారు, "హి సెడ్ దట్ హి వుడ్ కమ్" లాంటి చోట వచ్చే దట్‌ని మింగేస్తారు. ఈ రెండోది మన "అని"కి చుట్టం, చూపించే పని దానికి లేదు. మనం రెండింటినీ ఒకే బరువుతో పలుకుతాం. నేనైతే పలుకుతాను. మార్చుకోవడానికి రెండేళ్ళు ప్రయత్నించి మానేశాను.

ఇక్కడో చిన్న పిట్టకథ. దోజ్ అనే మాట దట్‌కి బహువచనం అని కదా చదువుకున్నాం. పుట్టుకతో చూస్తే అది దిస్ ఇంటి పిల్ల. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో "ఇవి" అనడానికి థాస్ అనే మాట ఉండేది, ఇప్పటి దోజ్ దానికి వారసురాలు. దట్‌కి థా అని వేరే బహువచనం ఉండేది, అది కొన్ని వందల ఏళ్ళు థో అని బతికి తర్వాత పోయింది. దిస్‌కి కొత్తగా దీజ్ పుట్టుకొచ్చింది, పాత పిల్ల దత్తత వెళ్ళినట్టు అవతలి ఇంట్లో కుదురుకుంది. ఇంకా బాగున్న సంగతి, ఆ రోజుల్లో వాళ్ళకీ వేలు చూపించే మాటల్లో లింగం ఉండేది, మనకి వాడు, అది ఉన్నట్టు. దట్ అనేది అందులో నపుంసకలింగం రూపం. అందుకేనేమో ఇప్పటికీ మనిషిని దట్ అంటే అదోలా వినిపిస్తుంది, అని నాకు అనిపిస్తుంది, ఇది నా ఊహ మాత్రమే. దూరానికి అవతల ఇంకా దూరం చూపించడానికి యాన్, యాండర్ అని మూడో మాట కూడా ఉండేది, ఇప్పుడు పాత పాటల్లో తప్ప పెద్దగా కనపడదు. శ్రీలంకలోని జాఫ్నా తమిళంలో ఇది, అది మధ్యలో "ఉదు" అని ఇంకోటి ఇప్పటికీ ఉంది. మనం "అదిగో అల్లక్కడ" అని దీర్ఘం తీసి సరిపెట్టుకుంటాం, "అల్ల"ని ఎంత సాగదీస్తే అంత దూరం.

మూడో గొయ్యి మన "అది". దాని పనులు చాలా ఎక్కువ. ఇంగ్లీషులో దట్ చేసే పనీ, ఇట్ చేసే పనీ, చనువున్నచోట షీ చేసే పనీ అన్నీ అదే చేస్తుంది. దాంతో మనం ఇట్ అనాల్సిన చోటల్లా దట్ అనేస్తాం. "వేర్ ఈజ్ ద ఫైల్?" అంటే "దట్ ఈజ్ ఆన్ ద టేబుల్" అంటాం. తప్పు అనలేం గానీ, వినేవాడికి ఎవరో వేలు పెట్టి పొడిచినట్టుంటుంది. ఒకసారి చూపించాక మళ్ళీ చూపించక్కర్లేదు, ఇట్ చాలు. చిన్నప్పుడు "వాట్ ఈజ్ దిస్?" అంటే "ఇట్ ఈజ్ ఎ పెన్" అని ఎందుకు చెప్పించారో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. ఇక "అదే నేనూ చెప్తున్నా" అన్నది "దట్ ఓన్లీ ఐ యామ్ సేయింగ్" అవుతుంది. "అదే"లో ఉన్న ఆ ఏకారాన్ని ఓన్లీ మోయలేదు పాపం. "దట్స్ వాట్ ఐ యామ్ సేయింగ్" అంటే సరిపోతుంది. అలాగే "ఇవాళ పొద్దున" అన్నది "టుడే మార్నింగ్" కాదు, "దిస్ మార్నింగ్". "ఈ రోజుల్లో" అనడానికి "దీజ్ డేస్" చాలు, ముందు ఇన్ అక్కర్లేదు, కానీ "ఆ రోజుల్లో" అంటే "ఇన్ దోజ్ డేస్" అని ఇన్ పెడతారు. ఎందుకని నన్నడక్కండి.

ఇప్పుడు కిటికీ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రాత్రి ఇంటికెళ్ళే తొందర్లో మెయిల్ రాశాను. కొత్త ఫైలు చెక్ చేశాను, పాతదాని బదులు ఇకనుంచి దీన్ని వాడొచ్చు అని ఒక వాక్యం, దాని వెనకాలే "దిస్ కెన్ బి డిలీటెడ్" అని ఇంకో వాక్యం. రాసేటప్పుడు నా స్క్రీన్ మీద తెరిచి ఉన్నది పాత ఫైలు. నా కళ్ళ ముందున్నది కాబట్టి నాకు అదే దిస్. రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు మెయిల్ పైనుంచి చదివారు, మెయిల్ మొత్తం కొత్త ఫైలు గురించే ఉంది, కాబట్టి వాళ్ళకి దిస్ అంటే కొత్త ఫైలు. తీసేశారు. పొద్దున్నే వచ్చేసరికి నా సీటు చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. బ్యాకప్ నుంచి తెచ్చుకోవడానికి మధ్యాహ్నం దాటింది, ఆ టెన్షన్‌లో టిఫిన్ కూడా తినలేదు. మా సీనియర్ ఒకాయన తిట్టలేదు, మెయిల్ ప్రింట్ తీసి, దిస్ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇక్కడ నీ వేలు ఎక్కడుందమ్మా, నాకు కనపట్లేదు" అన్నారు. దిస్ పక్కన ఎప్పుడూ ఓ నామవాచకం పెట్టమన్నారు. "దిస్ ఓల్డ్ ఫైల్" అని ఉంటే నా టిఫిన్ నాకు దక్కేది. అప్పటినుంచీ మెయిల్ పంపేముందు ఒంటరిగా తిరుగుతున్న దిస్‌లని వెతికి పట్టుకుని ఒక్కోదానికీ తోడు పెడుతున్నాను.

మా మేష్టారు కిటికీని దట్ అన్నది ఆయన నిలబడ్డ చోటు నుంచి. నేను దిస్ అని రాసింది నేను కూర్చున్న చోటు నుంచి. ఎదుటివాడు ఆ కుర్చీలో లేడు. ఎదురుగా ఉండి మాట్లాడుకునేటప్పుడు వేలూ, చూపూ, గడ్డం ఎత్తడం, ఇవన్నీ సాయం చేస్తాయి. కాగితం మీద అవేవీ ఉండవు.

పైగా ఆ చోటు నేల మీదే ఉండాలని కూడా లేదు. 1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టి అన్న మాట "దట్స్ వన్ స్మాల్ స్టెప్" అని మొదలవుతుంది. కాలు ఆయనదే, బూటు ఆయనదే, అంతకంటే దగ్గర ఇంకేముంటుంది? అయినా దిస్ అనలేదు. అడుగు పడిపోయింది, అయిపోయింది, అయిపోయినదాన్ని కొంచెం దూరం జరిపి చూపించాడు. భోజనం చేసి చెయ్యి తడి ఆరకముందే "దట్ వజ్ ఎ గుడ్ మీల్" అంటారు. రాబోయేదానికి దిస్ అంటారు, "లిజన్ టు దిస్" అని. మన దగ్గరా అంతే కదా, కబురు చెప్పేముందు "ఇది విను" అంటాం, చెప్పేశాక "అదీ సంగతి" అంటాం. నోట్లోంచి వచ్చి క్షణం కాలేదు, అప్పుడే "అది" అయిపోయింది.

పోటీ పరీక్షలవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం ఒకటి. "అరకు వాతావరణం విజయవాడ కంటే బాగుంటుంది" అన్నదాన్ని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాస్తే తప్పు పడుతుంది, ఎందుకంటే వాతావరణాన్ని ఊరితో పోల్చినట్టవుతుంది. "దట్ ఆఫ్ విజయవాడ" అని రాయాలి, బహువచనమైతే "దోజ్ ఆఫ్". దీన్ని ఏదో వింత రూలులా బట్టీపట్టకండి, మీ నోట్లో ఉన్నదే. "మా చెట్టు కాయలు మీ చెట్టువాటికంటే పుల్లన" అంటామా లేదా? ఆ "వాటి" ఉంది చూశారూ, అదే దోజ్ ఆఫ్. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయటే నిలబడాలి" అన్నప్పుడు "వచ్చిన"కి వెనక తగిలించిన "వాళ్ళు" ఉంది కదా, ఇంగ్లీషులో "దోజ్ హూ కేమ్ లేట్" అని దాన్నే ముందుకి తెచ్చి పెడతారు. ఎర్రది, పచ్చది, నాది, నీది, అన్నిటి తోకలోనూ "అది" ఉంది. ఈ పోస్టు టైటిల్లో "అన్నదాన్ని" అని రాసుకున్నాను, అందులోనూ ఉంది, అక్కడ "అది" అంటే నేనే.

గాలిపటం సంగతికొస్తే, మా అక్క కూతుర్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను. నువ్వే ఆ కుర్రాడివి, దారం నీ చేతిలో ఉంది, పక్కింటి పిల్లాడికి నీ గాలిపటం చూపించు అన్నాను. చెయ్యి పైకెత్తి, కళ్ళు చికిలించి, "అదిగో, అదే నాది" అంది. సరే, ఇప్పుడు దించేశావు, చేత్తో పట్టుకున్నావు. "ఇది నాది." మరి తోక ఎక్కడో కరెంటు తీగకి చిక్కుకుంది, దారం లాగుతుంటే తెగేలా ఉంది, అప్పుడు? కాసేపు ఆలోచించి, "అప్పుడు ఏడుస్తా" అంది.

చివరికి గీత మీద "దట్" అని రాసింది. నేను చెప్పినందుకు కాదట. పై వరసలో బొమ్మలన్నిటికీ దిస్ వచ్చింది కాబట్టి కింది వరసకి దట్ వచ్చి తీరుతుందట, వాళ్ళ టెక్స్ట్‌బుక్‌లో ఎప్పుడూ అలాగే ఇస్తారట. పుస్తకం మూసేసి, "పిన్నీ, దీజ్ సిజర్స్ ఓసారి తీసుకుంటా" అని కత్తెర పట్టుకుని వెళ్ళిపోయింది.